లెంట్ నలభై రోజులూ ఇంట్లోవాళ్లకి శిక్షలా కాకుండా గడపడం ఎలా?

కొండవీటి ఆడపడుచు అడిగారు:

అందరికీ నమస్కారం. లెంట్ మొదలయ్యే విభూది బుధవారం ఇంకా పది రోజులే ఉంది, అందుకే ఈసారి ముందే అడుగుతున్నాను. మాది ఫిరంగిపురం దగ్గర ఊరు, తాతల నాటి నుంచి కతోలికులం. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చేశాం. మావారు సీఎస్ఐ, అంటే ప్రొటెస్టెంట్ సంఘం. ఈస్టర్ ముందు వచ్చే ఈ నలభై రోజుల్ని వాళ్లు శ్రమల దినాలు అంటారు, మేం తపస్సు కాలం అంటాం, ఇంట్లో మాత్రం అందరం లెంట్ అనే అనేస్తాం.

ప్రతి ఏడూ నేను చేసేది ఒకటే. నలభై రోజులూ టీ బంద్, నీచు బంద్, బుధ శుక్రవారాలు పొద్దుట్నుంచి రాత్రి దాకా మంచినీళ్లు తప్ప ఏమీ ఉండదు. మా అమ్మ అలాగే చేసేది, నేనూ పట్టుకున్నాను, ఇరవై ఏళ్లయింది. గట్టిగానే చేశాను, ఎక్కడా తప్పలేదు.

పోయిన ఏడాది మూడో శుక్రవారం జరిగింది చెప్తాను. టీ లేక తల పగిలిపోతోంది, ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడున్నర. మావాడికి టెన్త్ పరీక్షలు నడుస్తున్నాయి. వాడు ఉప్మా సగం తిని ప్లేటు పుస్తకాల పక్కనే వదిలేశాడు, దానికి చీమలు పట్టి నోట్సు మీదికి కూడా పాకుతున్నాయి. నేను అరిచిన అరుపులకి పక్క ఫ్లాట్ ఆవిడ తలుపు తీసి చూసింది. వాడు ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. ప్లేటు తీసుకెళ్లి కడిగి, చీమలు దులిపి, వచ్చి నిలబడి "అమ్మా, ఈస్టర్ ఎప్పుడు?" అని అడిగాడు. ఎందుకురా అంటే "అప్పటికి నువ్వు మళ్లీ మామూలుగా అయిపోతావు కదా" అన్నాడు.

ఆ మాట ఏడాదిగా నా చెవిలోనే ఉంది. దేవుడి కోసం చేస్తున్నానని నేను అనుకుంటుంటే, అదెప్పుడు అయిపోతుందా అని నా బిడ్డ రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. తోటికోడలికీ నాకూ రెండేళ్లుగా మాటల్లేవు. అత్తగారి బంగారం పంచుకునే దగ్గర వచ్చింది. ప్రతి లెంట్‌లోనూ ఫాదర్ దగ్గర పాపసంకీర్తనంలో చెప్పుకుంటాను, బయటికొచ్చాక మళ్లీ అదే.

మానేయడమే కాకుండా చేయడానికి ఏమైనా ఉందా? మీరు, మీ ఇళ్లలో నిజంగా చేసినవి చెప్పండి. లెంట్ బైబిల్లో ఉందా లేదా అనే గొడవ మాత్రం ఇక్కడ వద్దు, దయచేసి.

పాత ఉపదేశి:

అమ్మా, నేను పల్లెల్లో ముప్పై ఏళ్లు ఉపదేశిగా, అంటే గుడి తరఫున వేదపాఠాలు చెప్పేవాడిగా చేసినవాణ్ణి. మీ అబ్బాయి మాట చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను.

ముందు ఒక సంగతి. మీరు మోస్తున్న దాంట్లో సగం శ్రీసభ, అంటే మన కతోలిక సభ, మీ మీద పెట్టింది కాదు. 1966లో ఆరో పౌలు పోపుగారు ఉపవాస నియమాలు మార్చారు, అప్పటినుంచి కచ్చితమైన ఉపవాసం రెండే రోజులు, విభూది బుధవారం, శుభ శుక్రవారం. ఆ రెండు రోజులు కూడా ఒక పూట కడుపునిండా తినొచ్చు, మిగతా రెండు పూటలు కొంచెం కొంచెం. లెంట్ శుక్రవారాలు మాంసం ముట్టకూడదు. అంతే. మిగతాదంతా మనంతట మనం ఇష్టంగా తలకెత్తుకున్నదే, కాబట్టి ఇష్టంగానే దించుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఆదివారాలైతే అసలు లెక్కలోకే రావు. విభూది బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా లెక్కపెట్టండి, 46 రోజులు వస్తాయి. ఆరు ఆదివారాలు తీసేస్తేనే 40. ఆదివారం ప్రభువు లేచిన రోజు, ఆ రోజు ఉపవాసం లేదు. కోడికూర వండి పిల్లాడికి పెట్టండి, మీరూ తినండి.

ఇప్పుడు అసలు అడగాల్సింది అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఇరవై ఏళ్లుగా టీ మానేశారు, సరే. ఆ టీ డబ్బులు ఎటు పోయాయి? రోజుకి రెండు టీలు బయట తాగితే 30 రూపాయలు అనుకుందాం, నలభై రోజులకి 1200. అది మీ పర్సులోనే ఉండిపోతే మీరు చేసింది పొదుపు. మనం మానేసిన ముద్ద ఇంకొకరి కంచంలో పడాలి, తొలినాళ్ల నుంచీ క్రైస్తవులు ఉపవాసం ఉన్నది అలాగే. ఈ రెండో సగం మన ఇళ్లలో ఎప్పుడు జారిపోయిందో కానీ, మానేయడం ఒక్కటే మిగిలింది.

మా అమ్మ పిడికెడు బియ్యం తీసేది. మీ ఊళ్లో కూడా పెద్దవాళ్లని అడగండి, గుర్తుండే ఉంటుంది. సోలతో ఇంటిల్లిపాదికీ బియ్యం కొలిచి చేటలో పోశాక, అందులోంచి ఒక పిడికెడు తీసి మూల ఉన్న చిన్న కుండలో వేసేది. నేను చిన్నప్పుడు అడిగాను, బస్తాలోంచే తీయొచ్చు కదమ్మా అని. "బస్తాలోంచి తీస్తే ఎవరికీ తగ్గదురా, కొలిచాక తీస్తే మన కంచాల్లోంచి పోతుంది" అంది. ఆవిడకి చదువు రాదు. నేను తర్వాత ఎన్ని తర్ఫీదుల్లో కూర్చున్నా ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. కుండ నిండగానే కాలువ గట్టున ఒంటరిగా ఉండే ముసలావిడకి నా చేతే పంపేది. ఆవిడ నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేది, కబుర్లు చెప్పేది. నాకు లెంట్ అంటే ఇప్పటికీ ఆ మజ్జిగే గుర్తొస్తుంది, ఆకలి కాదు. మీ అబ్బాయికి అలాంటిది ఒకటి కావాలి.

చివరగా, విభూది బుధవారం తర్వాత వచ్చే మొదటి శుక్రవారం పూజలో ఏ పఠనం చదువుతారో ఇంట్లో ముందే తీసి చూడండి. బైబిల్లో యెషయా గ్రంథం 58వ అధ్యాయం. మీరు అడిగినదానికి నాకంటే బాగా జవాబు చెప్తుంది, తోటికోడలి సంగతితో సహా.

బెంగళూరు తెలుగోడు:

ఉపదేశి గారికి దండం, ఆ సోల మాట నేను రాసిపెట్టుకున్నాను. కానీ నాది కొంచెం వేరే మాట. అక్కా, ఉపవాసం మాత్రం పూర్తిగా వదిలేయకండి.

నేను మూడేళ్లు లెంట్‌ని "మంచి అలవాట్ల" కింద చేశాను. ఒక ఏడాది పంచదార మానేశాను, నాలుగు కిలోలు తగ్గాను. తర్వాతి ఏడాది ఇన్‌స్టాగ్రామ్ తీసేసి ఆ టైమ్‌లో ఒక కోర్సు పూర్తి చేశాను. అన్నీ నాకు మంచే జరిగింది. కానీ ఈస్టర్ రోజు గుళ్లో కూర్చుని ఆలోచిస్తే, నలభై రోజుల్లో నా బరువు, నా చదువు తప్ప ఇంకెవరి బతుకూ వెంట్రుకవాసి కూడా కదల్లేదు. అది జిమ్‌కి వెళ్లినా జరిగేదే. అప్పట్నుంచి కనీసం శుక్రవారాలు నిజంగా ఆకలేసేదాకా ఉంటున్నాను. ఆకలి ఎలా ఉంటుందో ఒంటికి తెలియకపోతే రోడ్డు మీద చెయ్యి చాచినవాడు నాకు కనబడడు, పక్కనుంచి వెళ్లిపోతాను. నా అనుభవం అంతే.

మీ కోపం గురించి కూడా ఒక మాట. ఆ కోపం ఉపవాసం వల్ల పుట్టింది కాదేమో అక్కా. లోపల ఉన్నదే, కడుపు నిండి ఉన్నప్పుడు కనబడలేదు, ఖాళీ అయ్యేసరికి పైకి తేలింది. అది తెలియడం కూడా ఉపవాసం చేసిన మేలే, దాన్ని పట్టుకుని ఏం చేస్తాం అన్నది తర్వాతి పని.

తలనొప్పి మాత్రం వట్టి టీ సంగతి. ఒక్కసారిగా ఆపితే ఒకటి రెండు రోజుల్లో బాగా ముదురుతుంది, కొందరికి వారం పైనే ఉంటుంది. దానికీ భక్తికీ సంబంధం లేదు. ఇంకా పది రోజులుంది కదా, ఇప్పట్నుంచే రోజుకి అరకప్పు చొప్పున తగ్గించుకుంటూ రండి.

గుండ్లకమ్మ:

వందనాలు సిస్టర్. మాది ఒంగోలు, బాప్టిస్టులం, మా సంఘంలో లెంట్ ఆచరించరు. మీరు గొడవ వద్దన్నారు కాబట్టి ఆ సంగతి పక్కన పెడుతున్నాను, నాకు చెప్పాలనిపించింది మాత్రం చెప్తాను.

మా దగ్గర పెద్దలు ధాత కరువు గురించి చెప్పేవాళ్లు. 1876 నుంచి 1878 దాకా జనం పిట్టల్లా రాలిపోయిన కాలం. అప్పుడు ఒంగోల్లో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకున్నారు. ఆకలితో ఉన్నవాళ్లకి పని ఇచ్చి, కూలి ఇచ్చి, తిండి అందేలా చూశారు. ఆ కరువు పని జరిగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు, తిండి కోసం వచ్చారనే మాట ఎవరి మీదా పడకూడదని. కరువు సాయం ఆగిపోయాకే మళ్లీ మొదలుపెట్టారు, 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది గుండ్లకమ్మ ఏట్లో బాప్తిస్మం పొందారు. అందరూ ఆ అంకె చెప్పుకుంటారు. నాకు మాత్రం అంతకుముందు ఆగిన ఆ నెలలే పెద్దవి. పెట్టేవాడు చేయి చాచి పెట్టాడు, తీసుకునేవాడు తల దించుకోనక్కర్లేకుండా చూశాడు.

అందుకని ఇచ్చేటప్పుడు ఎలా ఇస్తున్నామో కూడా చూసుకోవాలి సిస్టర్. యెషయా 58లో కాడి మోకులు తీయడం గురించి ఉంటుంది. మన ఇళ్లలో కాడి ఎవరి మెడ మీద ఉంది? అంట్లు తోమే ఆవిడ మెడ మీదే కదా. మా ఆవిడ పోయిన ఏడాది నుంచి మా పనిమనిషికి వారానికి ఒక రోజు సెలవిస్తోంది, జీతం కోత లేకుండా. ఆ రోజు అంట్లు నేనూ మా అమ్మాయీ తోముతాం. మీకు శుభ శుక్రవారం కాక ఆరు శుక్రవారాలు ఉంటాయి కదా, మీ అబ్బాయితో కలిసి చేయండి. ప్లేటు వదిలేసినందుకు శిక్షలా కాదు, ఇద్దరూ పక్కపక్కన నిలబడి.

రిటైర్డ్ టీచరమ్మ:

షుగర్ ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ల కోసం రాస్తున్నాను. నాకు 62 ఏళ్లు, రోజూ ఇన్సులిన్. జబ్బు ఉన్నవాళ్లకి, 59 దాటినవాళ్లకి ఉపవాస నియమం లేదు, అది తెలిసీ రెండేళ్లు మొండిగా ఉన్నాను, ఒకసారి గుళ్లోనే కళ్లు తిరిగి పడ్డాను. డాక్టర్ని అడక్కుండా ఎవరూ ఆ పని చేయకండి.

ఇప్పుడు నా ఉపవాసం ఏంటంటే, ఎదుటివాళ్లు మాట పూర్తి చేసేదాకా మధ్యలో దూరకపోవడం. ముప్పై మూడేళ్లు పాఠాలు చెప్పిన నోరు ఇది, అన్నం మానడం కంటే కష్టంగా ఉంది. మా కోడలు మొదటి వారంలోనే గమనించి "అత్తయ్యా, మీ ఒంట్లో బాగుందా?" అని అడిగింది. ఏం లేదులే అని ఊరుకున్నాను. ఆ తర్వాత నుంచి సాయంత్రం పూట వచ్చి పక్కన కూర్చుంటోంది.

కువైట్‌లో గోదారమ్మాయి:

అక్కా, నేను ఇక్కడ ఒక ఇంట్లో పనిచేస్తున్నాను, తొమ్మిదో ఏడు. మీ అందరిలా ఇది మానేస్తాను, ఇన్ని గంటలు ఉంటాను అని చెప్పుకునే వీలు నాకు లేదు. కొన్నేళ్లుగా లెంట్, రంజాన్ కొన్ని రోజులైనా కలిసే వస్తున్నాయి, ఈ ఏడు దాదాపు ఒకేసారి మొదలవుతున్నాయి. రంజాన్‌లో ఇంట్లో పని రాత్రికి మారిపోతుంది. మధ్యాహ్నం నుంచి ఇఫ్తార్ వంట, తర్వాత చుట్టాలు, తర్వాత తెల్లవారుజాము భోజనం, పడుకునేసరికి ఎండ వచ్చేస్తుంది. దొరికినప్పుడు తినాలి, లేకపోతే నిలబడలేం. శుక్రవారం ఇక్కడ సెలవు కాబట్టి మనవాళ్లంతా ఆ రోజే గుడికి వస్తారు, నాకు నెలకి రెండుసార్లే పంపిస్తారు.

మొదట్లో చాలా బాధపడేదాన్ని, లెంట్ పోతోంది, ఏమీ చేయలేకపోతున్నాను అని. సిలువ మార్గం అంటే యేసు సిలువ మోసిన దారిని పద్నాలుగు స్థలాలుగా తలుచుకుంటూ చేసే ప్రార్థన. ఒక శుక్రవారం అందులో ఆరో స్థలం దగ్గర మోకరించినప్పుడు ఒకటి తట్టింది. అక్కడ కనిపించే వెరోనికమ్మ సిలువ ఎత్తలేదు, సైనికులతో పోట్లాడలేదు, యేసుని ఆపలేదు. గుడ్డతో ఆయన మొహం తుడిచింది. అంతే. దానికి పద్నాలుగు స్థలాల్లో ఒక స్థలం ఇచ్చారు.

ఆ వారమే పక్కింట్లోకి కడప వైపు నుంచి కొత్త పిల్ల వచ్చింది, పాతికేళ్లు కూడా ఉండవు, ఊళ్లో రెండేళ్ల బాబుని వదిలేసి వచ్చింది. రాత్రి ఒంటిగంటకి మేడ మీద బట్టలు ఆరేయడానికి వెళ్తే ఆ అమ్మాయి వాళ్ల మేడ మీద కూర్చుని ఏడుస్తోంది. చేతులు చూపించింది. బ్లీచ్ నీళ్లకి వేళ్ల సందుల్లో చర్మం పగిలి, గోళ్ల పక్కన ఎర్రగా లేచిపోయి ఉంది. గ్లౌజులు అడగాలని కూడా తెలియదు, అరబీ ఒక్క ముక్క రాదు. నా దగ్గర వాసెలిన్ ఉంటే గోడ మీంచి చెయ్యి చాపమని రాశాను. తర్వాత రోజూ అదే టైమ్‌కి పది నిమిషాలు. చేతులకి రాసేదాన్ని, రోజుకి రెండు అరబీ మాటలు నేర్పేదాన్ని, మొదటి మాట గ్లౌజులు. నలభై రోజులు నేను చేసింది అదొక్కటే. ఈస్టర్ నాటికి చేతులు మానాయి, గ్లౌజులు తనే అడిగి తెచ్చుకుంది.

మీ అబ్బాయి సంగతి చదివితే నాకు మా పాప గుర్తొచ్చింది. ఫోన్‌లో "అమ్మా, ఎప్పుడొస్తావు" అని అదీ రోజులే లెక్కపెడుతుంది. మీ వాడు మీ ఇంట్లోనే, పక్క గదిలోనే ఉన్నాడు. ఈ నలభై రోజులు రోజూ ఒక పది నిమిషాలు వాడి పక్కన ఊరికే కూర్చోండి అక్కా, చదువు అడగొద్దు, మార్కులు అడగొద్దు.

కొండవీటి ఆడపడుచు, రెండు వారాల తర్వాత:

ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాయాలనుకున్నాను, కుదర్లేదు, క్షమించండి. కువైట్ చెల్లీ, నీది మావారికి చదివి వినిపించాను. ఆయన మళ్లీ ఒకసారి చదవమన్నారు.

విభూది బుధవారం అయింది, మొన్న మొదటి శుక్రవారం కూడా అయింది. టీ పూర్తిగా మానలేదు, నాలుగు నుంచి ఒకటికి వచ్చాను, తలనొప్పి లేదు. ఆ మూడు టీల డబ్బులు డబ్బాలో పడుతున్నాయి. శుక్రవారం ఉపవాసం ఉంచుకున్నాను, కాకపోతే మధ్యాహ్నం ఒక పూట తిన్నాను, సాయంత్రం మనిషిలా ఉన్నాను. బియ్యం సంగతి మావాడికి చెప్తే వాడే చేస్తానన్నాడు. ఇప్పుడు ఇంటర్, ఎత్తు నాకంటే పెరిగాడు, చెయ్యి నా చెయ్యి కంటే పెద్దది. కుక్కర్‌లోకి మూడు గ్లాసులు కొలిచాక వాడి పిడికిలితో తీస్తే నిజంగానే అన్నం తగ్గింది, రాత్రి ముగ్గురం సర్దుకుని తిన్నాం. ఉపదేశి గారూ, మీ అమ్మగారి మాట మా వంటగదిలో కూడా నిజమైంది.

పనావిడకి శుక్రవారం రావద్దమ్మా అంటే బిత్తరపోయింది. "ఏం తప్పు చేశానమ్మా, మానేయమంటున్నారా?" అని అడిగింది. జీతం తగ్గదని రెండుసార్లు చెప్పినా నమ్మలేదు, ఆ నెల డబ్బులు ముందే చేతిలో పెడితే అప్పుడు కూర్చుంది. ఆరేళ్లుగా మా ఇంటికి వస్తున్న మనిషికి నా దగ్గర సెలవు అంటే భయమని నాకు అప్పుడే తెలిసింది. రాత్రి అంట్లు నేనూ మావాడూ తోమాం. వాడు కాలేజీ కబుర్లు చెప్తూనే ఉన్నాడు, నేను మధ్యలో దూరలేదు. టీచరమ్మగారు చెప్పింది నిజం, కష్టమే.

మొన్న పూజలో యెషయా 58 చదివారు. ఇంట్లో ముందే చదువుకుని వెళ్లాను, అయినా గుళ్లో వింటుంటే వేరేలా ఉంది. ఆకలిగొన్నవాడికి నీ ఆహారం పెట్టు, దిగంబరికి బట్ట ఇవ్వు అన్న దాకా బాగానే ఉన్నాను, పర్వాలేదు, మొదలుపెట్టాను అనుకున్నాను. వెంటనే, నీ రక్తసంబంధికి ముఖం తప్పించవద్దు అని వచ్చింది. తోటికోడలు రక్తసంబంధి కాదు కదా అని ఒక్క క్షణం అనిపించింది, నిజమే చెప్తున్నాను. కానీ ఆవిడ పిల్లలు మావాడికి రక్తసంబంధులే. రెండేళ్లుగా వాడు వాళ్ల అన్నతో క్రికెట్ ఆడలేదు.

ఇంటికొచ్చి బంగారం గురించి ఏమీ ఎత్తకూడదు, ఎలా ఉన్నావు అని మాత్రమే అడగాలి అని అనుకుని ఫోన్ చేశాను. రింగ్ మొత్తం అయింది, ఎత్తలేదు. తిరిగి చేయలేదు కూడా. ఈ శుక్రవారం సిలువ మార్గం అయ్యాక మళ్లీ చేస్తాను.